ఉచితం ముగిసిన మర్నాడు

"మనవాళ్లు యాప్‌లకి డబ్బులు పెట్టరండీ!" హైదరాబాదులో మాదాపూర్, రాయదుర్గం చుట్టుపక్కల కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట దొర్లకుండా ఉండదు. పెట్టుబడి పెట్టేవాళ్లూ ఇదే అంటారు, యాప్ మూసేసి ఉద్యోగంలో చేరిపోయినవాళ్లూ ఇదే అంటారు. అందుకని కొన్నేళ్లు ఉచితంగా ఇచ్చి, జనం అలవాటు పడ్డాక ధర పెట్టడం తప్ప గత్యంతరం లేదన్నది వాళ్ల సిద్ధాంతం. ధర పెట్టిన రోజున జనం తిట్టిపోస్తే ఆ తప్పు కూడా జనం ఖాతాలోకే వెళ్తుంది. ఈ వాదన మొదటి మెట్టు మీదే జారిపోతుంది.

జియో సంగతి చూడండి. 2016 సెప్టెంబరు 5న మొదలైనప్పుడు కాల్స్, డేటా అన్నీ ఉచితం. మొదట డిసెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత 2017 మార్చి 31 దాకా పొడిగించారు. ఫిబ్రవరి 21న ముకేశ్ అంబానీ పది కోట్ల మంది చేరారని ప్రకటిస్తూనే, ఇక డబ్బు కట్టాలని కూడా చెప్పారు. ఏడాది సభ్యత్వానికి 99 రూపాయలు, ఆపైన నెలకు 303. ఉచితం కోసం తీసుకున్న సిమ్ములన్నీ డ్రాయర్లలోకి పోతాయని జోస్యం చెప్పినవాళ్లు తక్కువేం కాదు. మార్చి ఆఖరుకి 7 కోట్ల 20 లక్షల మంది ఆ 99 కట్టేశారు.

అదే జియో 2019 అక్టోబరులో ఇతర నెట్‌వర్కులకు చేసే కాల్స్‌కి నిమిషానికి 6 పైసలు తీసుకుంటామంది. ఒక నెట్‌వర్కు నుంచి ఇంకో నెట్‌వర్కుకు కాల్ వెళ్లినప్పుడు కంపెనీలు ఒకదానికొకటి చెల్లించుకునే రుసుమే ఇది, మేం జేబులో వేసుకునేది కాదని వివరణ కూడా ఇచ్చింది. అయినా 303 రూపాయలకు నోరెత్తని జనం ఆరు పైసలకు గగ్గోలు పెట్టారు. కాల్స్ ఎప్పటికీ ఉచితమని హామీ ఇచ్చింది ఆ కంపెనీయే కాబట్టి. 2021 జనవరి 1 నుంచి ఆ రుసుం పోయింది.

ఈ రెండు ఘటనలూ పక్కపక్కన పెట్టి చూస్తే మనవాళ్ల తత్వం తెలుస్తుంది. గడువు ముందే చెప్పి ధర పెడితే గొణుక్కుంటూనైనా కడతారు. మాట మారిస్తే మాత్రం పైసలకు కూడా పేచీ పెడతారు. అది పిసినారితనం కాదు, బజారులో ఎవరైనా పాటించే న్యాయమే.

హైదరాబాదుకు ఈ విషయంలో సొంత అనుభవం ఉంది. ఆ అనుభవం ఇచ్చిన సైటు పేరు కూడా ఇప్పటి ఇంజినీరింగ్ పిల్లలకు తెలియకపోవచ్చు. ఎస్సెమ్మెస్‌కి రూపాయో అర్ధరూపాయో పోయే రోజుల్లో, ఉగాదికీ సంక్రాంతికీ కొత్త సంవత్సరానికీ మెసేజ్ ప్యాకులు పనిచేయవని కంపెనీలు ముందే చెప్పేసే రోజుల్లో, వే2ఎస్సెమ్మెస్ అనే సైటు కాలేజీ కుర్రకారుకు పెద్ద దిక్కు. అమీర్‌పేట ఇంటర్నెట్ సెంటర్లో గంటకు ఇంతని కట్టి కూర్చుంటే, తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోకి కుదించి, ఎన్ని కావాలంటే అన్ని సందేశాలు పంపుకోవచ్చు. వనపల రాజు హైదరాబాదు నుంచి నడిపిన ఈ సైటుకు దేశమంతటా కోట్ల మంది వినియోగదారులు ఉండేవారు. దానికి పోటీగా నిలిచిన 160బై2 కూడా ఈ ఊరిదే. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టే 160 అక్షరాల్లో సగం మీకు, సగం ప్రకటనకు అని బేరం బహిరంగంగా పేరులోనే పెట్టుకున్న సైటు అది. తర్వాత మొదటిదే రెండోదాన్ని కొనేసింది.

ఈ వ్యాపారంలో ఇబ్బంది ఎక్కడుందంటే, పంపేవాడికి ఉచితమైన ప్రతి సందేశానికీ సైటు నడిపేవాడు టెలికాం కంపెనీకి డబ్బు కట్టాలి. ఆ డబ్బు ప్రకటనల మీద రావాలి. అంటే వాడేవాళ్లు పెరిగినకొద్దీ ఖర్చూ పెరుగుతుంది, ఆ ఖర్చునూ, సందేశాలు పంపే నియమాలనూ నిర్ణయించే అధికారం మాత్రం సైటు చేతిలో ఉండదు. 2011 సెప్టెంబరు 27న అది తేటతెల్లమైంది. అడ్డూఅదుపూ లేని వాణిజ్య సందేశాలను అరికట్టడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనలు ఆ రోజు అమల్లోకి వచ్చాయి. ఒక సిమ్ నుంచి రోజుకు వంద ఎస్సెమ్మెస్‌లే పంపాలన్నారు, నవంబరులో దాన్ని రెండొందలకు పెంచారు. ప్రచార సందేశాలు రాత్రి 9 నుంచి ఉదయం 9 దాకా పంపకూడదన్నారు. రియల్ ఎస్టేట్ ఏజెంట్ల కోసం వేసిన వలలో ప్రేమికుల శుభరాత్రి సందేశాలు కూడా చిక్కుకున్నాయి.

ఆ తర్వాత వాట్సాప్ వచ్చింది. విచిత్రం ఏమిటంటే, అది ధర చెప్పుకునే వచ్చింది. మొదటి ఏడాది ఉచితం, ఆపైన ఏడాదికి ఒక డాలరు లోపు. 2016 జనవరిలో ఆ కాస్త ధర కూడా ఎత్తేసింది, ఎందుకంటే అప్పటికే దాన్ని కొన్న ఫేస్‌బుక్‌కు మన డాలరు కంటే మనం విలువైనవాళ్లం. వే2ఎస్సెమ్మెస్ ఈలోగా పొట్టి వార్తల వైపు మళ్లింది. ఇవాళ తెలుగు జిల్లాల్లో చాలామంది ఫోన్లలో కనిపించే వే2న్యూస్ ఆ కంపెనీదే. నడిపేవాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి మునిగే పడవలో కూర్చోలేదు.

అయితే ఈ కథ నుంచి మన స్టార్టప్ లోకం నేర్చుకున్న పాఠం తప్పని నా అభిప్రాయం. జనం డబ్బు కట్టలేదు కాబట్టి ఉచిత ఎస్సెమ్మెస్ పోయిందంటారు. జనాన్ని అడిగితే కదా? అడగాల్సిన రోజుల్లో ప్రకటనల ఆదాయం మీద నమ్మకం ఉంది. అడుగుదామనుకునే సరికి సందేశం అన్న సరుకుకే ధర లేకుండా పోయింది. సైబరాబాదులో దీనికి తోడుబుట్టినట్టు ఇంకో ఉదాహరణ ఉంది. 2014 అక్టోబరులో ప్రభుత్వం, ఎయిర్‌టెల్ కలిసి సైబర్ టవర్స్, మాదాపూర్, కొత్తగూడ కూడలి, రహేజా మైండ్‌స్పేస్ దారిలో వైఫై పెట్టాయి. నెలకు 750 ఎంబీ ఉచితం, దాటితే కొనుక్కోవాలి. పరిమితి మొదటే చెప్పారు, అందులో తప్పు పట్టడానికేం లేదు. రెండేళ్లు తిరక్కుండానే మొబైల్ డేటా చవకైపోయి, ఆ 750 ఎంబీని తలుచుకునేవాళ్లే లేకుండా పోయారు. ధర పెట్టడానికి కూడా ఒక కాలం ఉంటుంది, దాటిపోతే తిరిగి రాదు.

ఉచితం ఖర్చు ఎవరు మోస్తారన్న ప్రశ్నకు నేరుగా లెక్క వేసి చూద్దాం. ఒక తెలుగు యాప్ నెలకు 99 రూపాయల ప్లాను పెట్టిందనుకోండి. అందులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే మిగిలేది దాదాపు 84. గూగుల్ ప్లే ద్వారా కడితే చందాల మీద 15 శాతం గూగుల్‌కి. చేతికి వచ్చేది 71 రూపాయల చిల్లర. ఉచితంతో మొదలైన సేవల్లో వందమందికి ఇద్దరి నుంచి అయిదుగురి దాకా డబ్బు కడతారని ఈ పరిశ్రమలో చెప్పుకునే అంచనా. ముగ్గురనే అనుకుందాం. 213 రూపాయలు. సర్వర్లు, జీతాలు, కస్టమర్ కేర్ అన్నీ ఆ డబ్బుతోనే వందమందికి అందించాలి. మనిషికి నెలకు రెండు రూపాయల పైచిలుకు! ఇది చూశాక, యాప్ నడిపేవాడు డబ్బు అడిగితే దురాశ అనడానికి నోరు రాదు. అంతెందుకు, యూపీఐ మనకు ఉచితంగా కనిపిస్తున్నా, 2020 జనవరి నుంచి వ్యాపారుల దగ్గర రుసుం తీసుకోకూడదన్న నిర్ణయం వల్ల పడే భారంలో కొంత ప్రభుత్వం మోస్తోంది. 2024-25కి కేంద్ర మంత్రివర్గం 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకం మంజూరు చేసింది. కట్టేది ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు.

మరి ఈ లెక్క తెలిసి కూడా మొదటి రోజు నుంచే ధర ఎందుకు పెట్టరు? పెట్టుబడిదారుడు అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది వాడుతున్నారు" కాబట్టి. 2021లో డబ్బు వరదలా వచ్చినప్పుడు ఆ సంఖ్యకే విలువ కట్టారు. 2022 తర్వాత వరద తీసింది, "ఎంతమంది కడుతున్నారు" అని అడగడం మొదలైంది. రాత్రికి రాత్రి ప్లాన్లు, పరిమితులు, బంగారు రంగు కిరీటం బొమ్మలు యాప్‌లలోకి వచ్చి కూర్చున్నాయి. ఈ ఊళ్లోనే పుట్టిన డార్విన్‌బాక్స్, ఇక్కడ పెద్ద బృందం పెట్టుకున్న జెనోటీ లాంటివి కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్మి వంద కోట్ల డాలర్ల విలువ దాటాయి. అంటే ధర చెప్పి అమ్మడం హైదరాబాదుకు చేతకాక కాదు. ఇంట్లోవాళ్లు వాడే యాప్ దగ్గరికి వచ్చేసరికే మొహమాటం. ముందు మొహమాటం, తర్వాత మొహమాటం లేని వడ్డింపు.

ఇంకో విశేషం, ఈ ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్లు రెండు వైపులా ఉంటారు. పగలు అమెరికా కంపెనీల చందా పేజీలకు కోడ్ రాస్తారు, రాత్రి తమ ఫోన్‌లో ఆ పేజీల ముందే విసుక్కుంటారు. వాళ్లకు బాగా తెలిసిన కథలు ఉన్నాయి. ప్రోగ్రామర్లు వాడే పనిముట్లు తయారుచేసే డాకర్ సంస్థ 2021 ఆగస్టు 31న తన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను పెద్ద కంపెనీలు డబ్బు కట్టి వాడాలని ప్రకటించింది. 250 మందికి మించి ఉద్యోగులున్నా, కోటి డాలర్లకు మించి ఆదాయమున్నా కట్టాలి. విద్యార్థులకు, చిన్న సంస్థలకు మునుపటిలాగే ఉచితం. సర్దుకోవడానికి 2022 జనవరి 31 దాకా సమయం ఇచ్చింది. ఐటీ విభాగాల్లో సణుగుడు వినిపించింది, కొందరు ప్రత్యామ్నాయాలకు మారారు, మిగతావాళ్లు కట్టారు. అంతటితో సరి.

అదే డాకర్ 2023 మార్చి 14న ఇంకో కబురు పంపింది. ఉచితంగా వాడుకుంటున్న బృందాల ఖాతాలు నెలలోపు డబ్బు ప్లానులోకి మారాలి, లేదంటే ఖాతా పోతుంది. స్వచ్ఛందంగా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల బృందాలు చాలా అందులో ఉన్నాయి. వాళ్ల పని వల్లే డాకర్‌కి ఆ పేరు వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టుందని ప్రపంచమంతా మండిపడింది. పది రోజుల్లో క్షమాపణ చెప్పి నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఒకే సంస్థ, ఏడాదిన్నర తేడాతో రెండు నిర్ణయాలు. మొదటిది నిలబడింది, రెండోది కూలింది. రెండింటిలోనూ డబ్బే అడిగారు కదా, మరి తేడా ఎక్కడ? మొదటిసారి ఇవ్వగలిగినవాడిని, వ్యవధి ఇచ్చి అడిగారు. రెండోసారి ఇవ్వలేనివాడిని, అతని పని గుప్పిట్లో పెట్టుకుని అడిగారు.

గూగుల్ కూడా ఇలాగే తడబడింది. సొంత డొమైన్ పేరుతో ఈమెయిల్ ఉచితంగా ఇచ్చే పథకాన్ని 2006లో మొదలుపెట్టి, 2012 డిసెంబరులో కొత్తవాళ్లకు ఆపేసింది. పాతవాళ్లు అలాగే కొనసాగారు. 2022 జనవరిలో వాళ్లు కూడా కట్టాలంది. కుటుంబమంతటికీ ఒకే ఇంటిపేరు డొమైన్ మీద మెయిళ్లు పెట్టుకున్నవాళ్లు లబోదిబోమన్నారు. మే నెలలో, వ్యాపారానికి వాడనివాళ్లకు ఉచితమే అని సర్దుకుంది. వెబ్ యాప్‌లను తన సర్వర్ల మీద నడిపించే హెరోకూ మాత్రం వెనక్కి తగ్గలేదు. 2022 ఆగస్టులో చెప్పి, నవంబరు 28న ఉచిత సేవ ఆపేసింది. బీటెక్ ప్రాజెక్టును అందులో పెట్టి ఆ లింకును రెజ్యూమెలో రాసుకున్న పిల్లలు ఇంటర్వ్యూలకు ముందు ఉరుకులు పరుగులు పెట్టాల్సి వచ్చింది.

ఇవన్నీ కనీసం ముఖం మీద చెప్పినవి. చెప్పకుండా బిల్లులో చేరేవి వేరు. 2023 ఏప్రిల్‌లో స్విగ్గీ ప్రతి ఆర్డరు మీదా రెండు రూపాయల ప్లాట్‌ఫాం రుసుం మొదలుపెట్టింది. దేశంలో ముందుగా దాన్ని రుచి చూసిన ఊళ్లు బెంగళూరు, హైదరాబాదు. ఈ రెండింటినే ఎందుకు ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు. గచ్చిబౌలి ఆఫీసులో మూడొందల బిర్యానీ తెప్పించుకునేవాడు రెండు రూపాయల గురించి ఆరా తీయడు. ఆగస్టులో జొమాటో అదే దారి పట్టింది. 2025 సెప్టెంబరుకి జొమాటోలో ఆ రుసుం 12 రూపాయలు. రెండేళ్లలో ఆరింతలైంది. ఇది ప్లాను కాదు, చందా కాదు, వద్దనే వీలు లేదు. డెలివరీ చార్జీ, ప్యాకింగ్ చార్జీ, పన్నుల నడుమ ఒక వరుస, అంతే. నెలకు 99 అని ఎదురుగా నిలబడి అడిగే యాప్‌ను తిట్టి, ఇలా రెండేసి రూపాయలు లాగేవాడిని క్షమించే అలవాటు మనకు ఉన్నంతకాలం కంపెనీలు రెండో దారినే ఎంచుకుంటాయి.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మోసపూరిత డిజైన్లను నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. చేరడం సులువుగా, మానేయడం కష్టంగా ఉంచడం అందులో ఒకటి. ధరను చివరిదాకా చెప్పకుండా విడతలుగా బయటపెట్టడం ఇంకొకటి. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచే, మన ఖాతా నుంచి వాటంతట అవే డబ్బు లాగే చందాలకు కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని చెప్పింది. ఇవి మంచి నిబంధనలు. కానీ ఉచితంగా ఉన్నదాన్ని డబ్బు సేవగా మార్చేటప్పుడు ఎంత వ్యవధి ఇవ్వాలి, మన ఫొటోలూ ఫైళ్లూ పట్టుకుపోవడానికి ఎన్ని రోజులు ఉండాలి అన్న దాని మీద స్పష్టమైన నియమం ఉండాలి. నా ఉద్దేశంలో మూడు నెలలకు తక్కువ కాకూడదు. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1న అపరిమిత ఉచిత నిల్వ ఆపేసినప్పుడు ఆర్నెల్ల ముందే చెప్పింది, ఆ తేదీకి ముందు ఎక్కించిన ఫొటోలను లెక్కలోకి తీసుకోనంది. పాతవాటి జోలికి రాకుండా, ఇకముందువాటికే ధర పెట్టడం చేతనయ్యే పనేనని అప్పుడే రుజువైంది.

మొదటి రోజే ధర చెప్పిన తెలుగు సేవ ఒకటి మన కళ్లముందే ఉంది. గీతా ఆర్ట్స్, మై హోం గ్రూపు కలిసి 2020లో తెచ్చిన ఆహా ఏడాదికి 365 రూపాయలంది. అంటే రోజుకో రూపాయి, ఒక్క భాష. పెద్ద పెద్ద ఓటీటీల మధ్య ఒక్క తెలుగుకు ఎవరు కడతారని వెటకారం చేసినవాళ్లున్నారు. వ్యాపారం పూలబాట అయిందని అనను గానీ, ఎవరూ వాళ్లను మాట తప్పారని అనలేరు. ఐపీఎల్‌ను 2023, 2024లలో జియోసినిమాలో ఉచితంగా చూపించి, 2025లో జియోహాట్‌స్టార్ వచ్చాక 149 రూపాయల నుంచి ప్లాన్లు పెట్టినవాళ్లకు ఆ సౌలభ్యం లేదు.

ధర ఎంత అన్న దగ్గర ఒక సంగతి చెప్పాలి. హైటెక్ సిటీలో కూర్చుని ప్లాను ధర నిర్ణయించేవాడు తన జేబుతో కొలుస్తాడు. అతని ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకు, పీజీ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కునే అమ్మాయికి, బైకు మీద బిర్యానీ తెచ్చే కుర్రాడికి 99 అంటే ఒక పూట లెక్క. డాకర్ మొదటిసారి చేసినట్టు, ఇవ్వగలిగినవాడి దగ్గర తీసుకుని మిగతావాళ్లకు అవసరమైనంత ఉచితంగా ఉంచడం దానం కాదు, తెలివైన వ్యాపారమే. ఇవాళ్టి నిరుద్యోగి రేపటి చందాదారు.

ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఉచిత ఏఐ సేవల వంతు వస్తోంది. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన వినియోగదారులకు 17,000 రూపాయల విలువ చేసే పర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాది ఉచితమంది. అక్టోబరు 30న జియో, గూగుల్ కలిసి 35,100 రూపాయల జెమినీ పథకాన్ని 18 నెలలు ఉచితమన్నాయి. నవంబరు 4న ఓపెన్‌ఏఐ నెలకు 399 రూపాయల చాట్‌జీపీటీ గోను మన దేశంలో ఏడాది ఉచితం చేసింది. కారిడార్‌లో ఈమెయిల్ రాయడం నుంచి కోడ్ సరిచేయడం దాకా వీటి మీదే నడిపించేస్తున్నవాళ్లు లెక్కకు మించి ఉన్నారు. ఏడాదిలో అలవాటు ముదురుతుంది, గడువు రోజున "వద్దు" అనడం కష్టమవుతుంది. ఆ కంపెనీల లెక్క అదే, అందులో రహస్యమేం లేదు. గడువు తేదీ ముందే చెప్పారు కాబట్టి మోసం అనడానికీ లేదు.

కాబట్టి ఇక మన వంతు. మీరు ఏ ఉచితంలో ఎప్పుడు చేరారో ఒకసారి చూసుకోండి. చేరేటప్పుడు యూపీఐ ఇచ్చి ఉంటే, ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆటోపే విభాగం తెరిచి, ఎవరెవరికి డబ్బు లాగే అనుమతి ఇచ్చారో చదవండి. పనికొచ్చేదుంటే కట్టండి, కట్టి గట్టిగా వాడుకోండి. అక్కర్లేనిది అక్కడే రద్దు చేయండి. రద్దు మీట కనిపించకుండా దాచినవాడి మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.